ఏడాదికి ఐదు ఆల్బమ్‌లు

డిసెంబరు మొదటి వారంలో ఫోను ఒక లెక్క చెబుతుంది. ఈ ఏడాది మీరు ఎక్కువసార్లు విన్న పాట ఇదీ, గాయకుడు ఈయనా, మొత్తం ఇన్ని వేల నిమిషాలూ అని స్పాటిఫై రంగుల బొమ్మలతో చూపిస్తుంది. పిల్లలు దాన్ని స్టేటస్‌లో పెట్టుకుని మురిసిపోతారు. మురిసిపోనీ. కానీ ఆ లెక్క ఎట్లా పుడుతుందో ఒకసారి గమనించండి. పాట 30 సెకన్లు నడిస్తే చాలు, విన్నట్టే జమ పడుతుంది. మీరు చెవి పెట్టి విన్నారో, కుక్కరు కూతల మధ్య అది తనపాటికి తాను మోగుతూ పోయిందో దానికి తెలియదు. మీ ఊరి రామాలయం మైకులో విన్నది, బస్సులో డ్రైవరు పెట్టింది, కడప పెద్ద దర్గాలో పొద్దుపోయేదాకా కూర్చుని విన్న ఖవ్వాలీ, ఇవేవీ ఆ లెక్కలోకి రావు. మీ ఏడాది సంగీతంలో సగం బయటే ఉండిపోతుంది.

అందుకే మీ జాబితా మీరే రాసుకోవాలి. ఏడాదికి ఐదు ఆల్బమ్‌లు చాలు. ఇరవై పెట్టుకుంటే ఎవరినీ నొప్పించకుండా అన్నిటికీ చోటిచ్చేస్తాం. ఐదే అనుకుంటే ఆరోదాన్ని తీసేయక తప్పదు. తీసేయడానికి కారణం వెతుక్కోవాలి. మనకేది నచ్చుతుందో, ఎందుకు నచ్చుతుందో ఆ వెతుకులాటలోనే తేలుతుంది. పాటల పిచ్చి ఉన్నవాళ్లలో చాలామందికి ఈ సంగతి తేలకుండానే ఏళ్లు గడిచిపోతున్నాయి. ఈ అధ్యాయం రాయడానికి కారణం అదే.

పాటలు అనకుండా ఆల్బమ్ అని పట్టుబట్టడానికీ కారణముంది. మనకు ఆల్బమ్ అంటే ముఖ్యంగా సినిమా పాటలే. ఎల్పీ రికార్డుకు ఒక్కో పక్క 20 నిమిషాల పైచిలుకు పట్టేది. 60 నిమిషాల క్యాసెట్టుకైతే పక్కకు 30 నిమిషాలు. ఏ పాటతో మొదలుపెట్టాలి, తిప్పి వేశాక మొదట ఏది వినపడాలి అని ఎవరో ఒకరు ఆలోచించి కూర్చేవాళ్లు. నచ్చని పాటను దాటించాలంటే ఫార్వర్డ్ బటన్ నొక్కి పట్టుకోవాలి. ఆ తంటా పడలేక విన్న పాటలే కొన్నాళ్లకు ప్రాణమైపోయేవి.

ఇప్పుడు సినిమా పాటలు ఒక్కొక్కటిగా దిగుతున్నాయి. 'పుష్ప 2' సంగతే చూడండి. మొదటి పాట 2024 మే 1న వచ్చింది, రెండోది మే 29న. మూడోది నవంబరు 24న, నాలుగోది డిసెంబరు 1న. సినిమా డిసెంబరు 5న. బాణీలు దేవిశ్రీప్రసాద్‌వి, మాటలు చంద్రబోస్‌వి. ఒకే సంగీత దర్శకుడు, ఒకే కవి, ఒకే కథ కోసం చేసిన పని అది. దాన్ని మనం ఏడు నెలల పొడుగునా ముక్కలు ముక్కలుగా విన్నాం. సినిమా వచ్చాక అన్నిటినీ కలిపి ఒకే బిగిన విన్నవాళ్లు మీ వీధిలో ఎంతమంది ఉంటారో అడిగి చూడండి. అట్లా వింటే, విడిగా విన్నప్పుడు పట్టించుకోని పాట ఒకటి పక్క పాటల మధ్య నిలబడి వెలుగుతుంది. ఎగిరెగిరి విన్న పాట ఒక్కోసారి వెలవెలబోతుంది.

పాటల వరస ఎంత ముఖ్యమో మన పల్లెలకు ఒకరు చెప్పనక్కర్లేదు. సీమలో చెక్కభజన చూసినవాళ్లకు తెలుసు. గుడి ముందు ఆరుబయట గుండ్రంగా నిలబడతారు. చేతుల్లో జత చెక్కలు, వాటికి కూర్చిన లోహపు బిళ్లలు, కాళ్లకు గజ్జెలు. నడుమ తాళాలు పట్టుకుని గురువు. ఆయన మొదట వినాయకుణ్ణి తలుచుకుంటాడు. పాట నిదానంగా సాగుతుంది, అడుగు చిన్నగా పడుతుంది. తర్వాత రామాయణ ఘట్టమో కృష్ణుడి చేష్టలో వస్తాయి. దరువు మారుతుంది, దానితోపాటు అడుగూ మారుతుంది. రాత్రి ముదిరేకొద్దీ వేగం ఎంత పెరుగుతుందంటే చెక్కల చప్పుడేదో గజ్జెల చప్పుడేదో విడదీసి చెప్పలేం. అంత ఊపులోనూ గురువు తాళం ఆపితే గుంపంతా ఠక్కున ఆగిపోతుంది. ఆఖరున మంగళహారతి. ఆ హారతి పాట విడిగా వింటే మామూలు పాటే. మూడు గంటల భజన తర్వాత వింటే ఒళ్లు జలదరిస్తుంది. హారతి ముందు పాడి వినాయకుడి పాట చివర్లో పాడమని అడగండి, ఏ గురువూ ఒప్పుకోడు. వర్ణంతో ఎత్తుకుని మంగళంతో ముగించే కర్ణాటక సంగీత కచేరీ పద్ధతికి అరియకుడి రామానుజ అయ్యంగార్ ఒక రూపం ఇచ్చారని చెబుతారు. ఆ పద్ధతి వెనకా ఇదే తెలివిడి ఉంది.

కాబట్టి మొట్టమొదట చేయాల్సిన పని, ఫోన్లో షఫుల్ బటన్ ఆపేయడం. రెండోది, ఒకే బిగిన మొత్తం వినడం. సినిమా ఆల్బమ్ అయితే అరగంట, ముప్పావుగంట పని. అంత తీరిక ఎక్కడుందని అంటారేమో. రీల్స్ చూస్తూ అంతకు మించిన సేపు మనకు తెలియకుండానే పోగొట్టుకుంటున్నాం. తీరిక ఉంది, దానికొక చోటు కుదరాలి.

నేనెరిగిన మంచి చోటు కర్నూలు, కడపల మధ్య బస్సు ప్రయాణం. నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా 40వ నంబరు జాతీయ రహదారి పోతుంది. రెండు వందల కిలోమీటర్ల పైమాట, నాలుగైదు గంటలు పడుతుంది. కిటికీ పక్క సీటు దొరికితే నల్లరేగడి చేలు కనిపిస్తాయి. కేసీ కాలువ అక్కడక్కడా ఎదురవుతుంది, నీళ్లున్న ఏడు ఒక తీరుగా, లేని ఏడు ఒక తీరుగా. నంద్యాల దాకా ఒక ఆల్బమ్ వినండి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఏమీ వినకండి, చెవులు ఖాళీగా ఉంచండి. ఆళ్లగడ్డ దాటాక రెండోది పెట్టండి. మధ్యలో వదిలిన ఆ ఖాళీ చాలా అవసరం. విన్నది లోపల కుదుటపడేది అప్పుడే. ఏ పాట దానంతటదే మళ్లీ నోటికి వస్తుందో అప్పుడే తెలుస్తుంది.

ఇంట్లో అయితే వేసవి రాత్రులు మంచివి. పగలు ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లలో ఫ్యాను, కూలరు రొదలో ఏం విన్నా సగమే వినబడుతుంది. రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద చాప పరుచుకుని, చిన్న స్పీకరులో తక్కువ సౌండు పెట్టి వినండి. ఇయర్‌ఫోన్లు బస్సుకు సరే. ఇంట్లో పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు వాళ్ల చెవికీ అందనివ్వాలి. వాళ్లు అనే ఒక్క మాట మన వినికిడిని మార్చేస్తుంది. దాని సంగతి కింద చెబుతాను.

మూడో పని నోటుబుక్కు. ఫోన్లో నోట్స్ కూడా పనికొస్తాయి గానీ కాగితం మేలు, పాట వింటూ ఫోను తెరిస్తే పాట పక్కకు పోతుంది. ఒక్కో ఆల్బమ్‌కు నాలుగు సంగతులు రాయండి: తేదీ, విన్న చోటు, పక్కన ఎవరున్నారు, చేతిలో పని ఏ పాట దగ్గర ఆగిపోయింది. చివరిదే అసలైనది. మార్కులు వేయకండి, చుక్కలు ఇవ్వకండి. 'బాగుంది', 'సూపర్' లాంటి మాటలు రాస్తే ఆర్నెల్ల తర్వాత ఆ పేజీ మీకు ఏమీ చెప్పదు. 'మూడో పాటలో వేణువు ఆగి, గొంతు ఒక్కటే మిగిలినప్పుడు కూర ఇగిరిపోయినా చూసుకోలేదు' అని రాస్తే ఆ రాత్రి మొత్తం తిరిగి వస్తుంది.

నాలుగోది నియమం. నెల తర్వాత రెండోసారి వినకుండా ఏదీ జాబితాకు ఎక్కకూడదు. మొదటిసారి మనం వినేది పాటను మాత్రమే కాదు. హీరో మీది అభిమానం, పోస్టరు, స్నేహితుల హడావుడి, ట్రైలరు అన్నీ కలిపి వింటాం. నెల గడిచేసరికి అవి రాలిపోయి సంగీతం మిగులుతుంది. మిగలకపోతే ఆ ఆల్బమ్ గురించి నోటుబుక్కులో ఆ ముక్కే రాసి ముందుకు పోవచ్చు.

ఇక ఏడాది ఎప్పుడు ముగించాలి? డిసెంబరు 31 మన సంగీతానికి సరిపోదని నా గట్టి అభిప్రాయం. సంక్రాంతి సినిమాల పాటలు నవంబరు, డిసెంబరుల్లో మొదలై జనవరి దాకా వస్తూనే ఉంటాయి. డిసెంబరులో గీత గీస్తే ఒక ఆల్బమ్ సగం ఈ పక్కన, సగం ఆ పక్కన పడుతుంది. ఉగాదికి ముగించండి. సంక్రాంతి హోరు తగ్గి రెండు నెలలైనా అవుతుంది కాబట్టి రెండోసారి వినడానికీ సమయం దొరుకుతుంది. పంచాంగంలో ఆదాయ వ్యయాలు చూసుకునే రోజే పాటల లెక్కా చూసుకోవచ్చు.

నమూనాగా నా క్రోధి నామ సంవత్సరపు జాబితా చెబుతాను, అంటే 2024 ఏప్రిల్ 9 నుంచి 2025 ఉగాది ముందురోజు దాకా. ఇందులో కొత్తవీ ఉన్నాయి, చాలా పాతవీ ఉన్నాయి. ఆ ఏడు విడుదలైనవే ఉండాలని నేననుకోను. ఆ ఏడు మీ చెవిన పడి మీతో నిలిచినవి ఉండాలి.

కొత్త వాటిలో ఒకటి ఎంచుకోవడం కష్టమైంది. జూన్‌లో సంతోష్ నారాయణన్ సంగీతంతో 'కల్కి 2898 ఏడీ', సెప్టెంబరులో అనిరుధ్ చేసిన 'దేవర', అక్టోబరు చివర జి.వి. ప్రకాశ్ చేసిన 'లక్కీ భాస్కర్', జనవరిలో భీమ్స్ చేసిన 'సంక్రాంతికి వస్తున్నాం'. 'దేవర'లో శిల్పారావు పాడిన పాట ఊరంతా మోగింది. నేనూ ఇష్టంగా విన్నాను. సంక్రాంతి సినిమాలో చాన్నాళ్లకు రమణ గోగుల గొంతు వినబడి ఒకప్పటి క్యాసెట్ రోజులు గుర్తొచ్చాయి. అయితే ఒక్క పాటతో ఆల్బమ్ కాదు. ఒక్క పాటే నచ్చితే దానికి వేరే పేజీ పెట్టి అక్కడ రాసుకోండి, ఈ ఐదింటిలో కలపకండి. చివరకు నేను పెట్టుకున్నది 2024 సెప్టెంబరు 6న వచ్చిన '35 చిన్న కథ కాదు'. తిరుపతిలో ఒక మామూలు ఇల్లు, లెక్కలు రాని పిల్లవాడు, వాళ్లమ్మ. వివేక్ సాగర్ సంగీతం ఆ ఇంటి గడప దాటి అరవదు. నెల తర్వాత విన్నప్పుడు ఇంకా నచ్చింది. నియమం చెప్పిన మాట నిలబడింది.

రెండో చోటు మన సీమ మాట వినిపించే ఆల్బమ్‌కు. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ఆధారంగా క్రిష్ తీసిన 'కొండపొలం' (2021) పాటలు కీరవాణి చేశారు. కరువు ముదిరి మేత, నీళ్లు లేనప్పుడు గొర్ల మందలను నల్లమలకు తోలుకుపోవడమే కొండపొలం. ఆ అడవి అంచున ఉన్న ఊళ్లవాళ్లు ఈ పాటలు వింటే బయటివాళ్లకు అందని సంగతులు అందుతాయి. ఇక్కడే పెంచల్ దాస్ పేరు చెప్పాలి. 2018లో 'కృష్ణార్జున యుద్ధం'లో ఆయన రాసి పాడిన పాట విన్నాక సీమ పలుకు సినిమాలో నరుకుళ్లకు, తొడ చరుపులకు మాత్రమే కాదని చాలామందికి తెలిసింది. సరసం, వెక్కిరింత, బుజ్జగింపు అన్నీ ఆ పలుకులో ఉన్నాయి. కలిమిశెట్టి మునెయ్య ఊరూరా తిరిగి సేకరించి 'రాయలసీమ రాగాలు'గా తెచ్చిన జానపద గేయాల్లో ఇది ఎప్పటినుంచో ఉన్నదే. 1963లో మొదలైన ఆకాశవాణి కడప కేంద్రం కూడా ఈ గొంతుల్ని గాలికెక్కించింది. మీ దగ్గర పాత రేడియో ఉంటే మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు నిలిపి చూడండి. ఏం వస్తుందో ముందు తెలియని వినికిడి మనకు ఇప్పుడు బాగా తక్కువైంది.

మూడోది ఘంటసాల భగవద్గీత. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. ఏడు వందల శ్లోకాల్లోంచి వందకు పైగా ఎంచి, రాగాలు కూర్చి, ఒక్కొక్కదానికి తెలుగులో తాత్పర్యం చెబుతూ ఘంటసాల చేసిన పని ఇది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయాక రికార్డు జనంలోకి వచ్చింది. తర్వాత మనం దానికి చేసిన అన్యాయం ఒకటుంది. ఎవరైనా చనిపోయిన ఇంటి ముందు షామియానా వేయగానే మైకులో ఇది పెడతాం. ఆ గొంతు వినబడితే చాలు, ఎవరు పోయారని వీధిలోకి తొంగి చూస్తాం. ఇంట్లో ఎవరైనా మామూలు రోజున పెడితే 'ఆపు, అపశకునం' అని కసురుకుంటారు. తెలుగులో వచ్చిన గొప్ప ఆల్బమ్‌ను ఇట్లా చావింటికి కట్టేశాం.

దీన్ని మామూలు రోజు పొద్దున, ఎవరికీ ఏ కష్టమూ లేని రోజున, మొదటి నుంచి వినండి. నా మాట మీద ఒక్కసారి. ముందు గమనించాల్సింది శ్లోకం పాడే గొంతుకూ తాత్పర్యం చెప్పే గొంతుకూ ఉన్న తేడా. పాడేటప్పుడు ఆయన విద్వాంసుడు. చెప్పేటప్పుడు అరుగు మీద కూర్చుని మనతో మాట్లాడే పెద్దమనిషి. రాగం మారినప్పుడల్లా ఘట్టం మారుతుంది. అర్జునుడి దిగులు ఉన్నచోట స్వరం కుంగుతుంది, విశ్వరూపం దగ్గర విప్పారుతుంది. షఫుల్‌లో ఇది వినలేం, వరస తప్పితే అర్థమే తప్పుతుంది. మైకులో వీధి చివరి నుంచి విన్నవాళ్లకు ఇందులో ఏదీ చేరదు. దగ్గర కూర్చుని విని, నెల తర్వాత రెండోసారి విని, అప్పుడు మీ జాబితాలో ఉండాలో వద్దో తేల్చండి.

నాలుగోది అన్నమయ్య. రాజంపేట దగ్గర తాళ్లపాక మనదే. 108 అడుగుల విగ్రహమూ చూశాం. విగ్రహాన్ని చూసినంతమంది పాటలు వరసగా వినలేదు. ఆయన 32 వేల కీర్తనలు రాశారని ప్రతీతి. రాగిరేకుల మీద మనకు దొరికినవి అందులో సగానికి తక్కువే. రేకుల మీద రాగం పేరుంది గానీ పాడే బాణీ లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివాళ్లు 20వ శతాబ్దంలో బాణీలు కట్టబట్టి ఈరోజు మనం పాడుకుంటున్నాం. రాళ్లపల్లివారు అనంతపురం జిల్లావారు. బాలకృష్ణప్రసాద్ 1978లో తిరుమల తిరుపతి దేవస్థానాల అన్నమాచార్య ప్రాజెక్టులో చేరి 600కు పైగా కీర్తనలకు స్వరాలు కూర్చారు. అంటే ఆయన ఆల్బమ్ వింటున్నప్పుడు గాయకుడితోపాటు స్వరకర్తనూ వింటున్నాం. ఏ మాట మీద ఆగాలి, ఏ మాటను రెండుసార్లు అనాలి అని తేల్చింది ఆయనే. 2025 మార్చి 9న ఆయన తిరుపతిలో కన్నుమూశారు. ఆ వారం మిద్దె మీద ఆయన పాటలు పెట్టుకుంటే, పక్కన పడుకున్న మా పెద్దమ్మ లేచి కూర్చుంది.

"ఎవుర్రా ఈ పాడే ఆయప్ప?"

"గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ పెద్దమ్మా. మొన్ననే పోయినాడు."

"పోయినట్ల లేదే. మన పక్కన కూచోని చెప్తాండట్లుంది. ఇంగోసారి పెట్టు నాయనా."

పాండిత్యం ఎంత ఉన్నా ఆ గొంతులో బెట్టు లేదని నేను పేజీ నిండా రాయబోయిన సంగతి ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. నోటుబుక్కులో ఆ మాటే రాసుకున్నాను. అన్నమయ్యకు కొత్తవాళ్లయితే ఒక చిన్న ఉపాయం చెబుతాను. అహోబిల నరసింహుడి మీద ఆయన రాసిన కీర్తనలు ముందే ఫోన్లో దింపుకుని, ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో వినండి. కొండలు దగ్గరవుతుంటే ఆ మాటల బరువు తెలుస్తుంది.

ఐదో చోటు అంగట్లో గానీ యాప్‌లో గానీ దొరకని సంగీతానికి వదిలిపెట్టాలి. ఈ ఒక్కటి మాత్రం తప్పకుండా పాటించండి. చెక్కభజన కావచ్చు, పీర్ల పండుగ డప్పులు కావచ్చు, బ్రహ్మంగారి మఠం దగ్గర వినే తత్వాలు కావచ్చు. నేను ఆ ఏడు కడప పెద్ద దర్గా ఉరుసు రాశాను. 2024 నవంబరులో అక్కడి ఉర్దూ కవుల సభ ముషాయిరాకు ఏ.ఆర్. రెహమాన్‌కిచ్చిన మాట కోసం రామ్‌చరణ్ వచ్చారు, పేపర్లన్నీ ఆ జనసందోహం ఫోటోలు వేశాయి. రెహమాన్ ఆ దర్గాకు ఏళ్లుగా వస్తున్న భక్తుడు. ఆ సందడి అటుంచి, ఖవ్వాలీ పాడేవాళ్ల దగ్గరగా చోటు చూసుకుని కూర్చోండి. ఒకే చరణాన్ని పదిసార్లు అంటారు, అన్నప్పుడల్లా ఒక మాట మీద బరువు మారుతుంది. చప్పట్లు ఎప్పుడు దగ్గరపడతాయో చూడండి. ఫోను జేబులో ఉంచండి. రికార్డు చేస్తే మళ్లీ వినొచ్చులే అని చెవి బద్ధకిస్తుంది. ఇంటికొచ్చాక గుర్తున్నంత రాయండి. పాడినవాళ్ల చేతిలో మీకు తోచినంత పెట్టండి, యాప్‌కు నెలనెలా కట్టేవాళ్లం ఎదురుగా చెమటోడ్చి పాడినవాళ్లకు ఇవ్వకపోవడం న్యాయం కాదు.

ఉగాది రోజు ఐదు పేర్లు, ఒక్కోదానికి రెండు మూడు వాక్యాల కారణం ఒక తెల్ల కాగితం మీదికి ఎత్తి రాయండి. ఒకరికి ఇచ్చి వాళ్ల ఐదూ అడిగి తీసుకోండి. వీలైతే మీకంటే వయసులో బాగా పెద్దవాళ్లో చిన్నవాళ్లో అయితే మంచిది. ఒకే ఈడువాళ్ల జాబితాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నాకు కాగితం ఇచ్చినాయన ఆదోని మనిషి, ఇంట్లో కన్నడం మాట్లాడతారు. ఆయన ఐదింటిలో మూడు మంత్రాలయం పోయినప్పుడల్లా కొనుక్కున్న దాసర పదాల క్యాసెట్లు, పురందరదాసువి, విజయదాసువి, జగన్నాథదాసువి. ఇంతకాలం కర్నూలు జిల్లాలో తిరిగినా నేను ఒక్కటీ పూర్తిగా వినలేదు. విశ్వావసు నోటుబుక్కు మొదటి పేజీలో ఆ మూడు పేర్లూ రాసుకున్నాను. క్యాసెట్ ప్లేయరు ఆయనే తెస్తానన్నాడు.